కొన్న లింకు, వచ్చిన లింకు

సొంతంగా వెబ్‌సైటు పెట్టుకున్న వారికి కొన్నాళ్లకు తప్పకుండా వచ్చే ఈమెయిల్ ఒకటుంది. మీ సైటుకు వంద బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి లింకులు, ఇప్పిస్తాం, గూగుల్ మొదటి పేజీలో నిలబెడతాం, ఇంత చెల్లించండి అని అందులో ఉంటుంది. సైటు పెట్టి, రాత్రిళ్లు కూర్చుని రాసి, చదివేవాళ్లు రాక నీరసపడిపోయిన మనిషికి ఆ మాట ఆశగానే వినిపిస్తుంది. ఆ బేరం ఎందుకు వద్దో, అదే డబ్బూ శ్రమా ఎక్కడ పెడితే పాఠకులు వస్తారో ఈరోజు మాట్లాడుకుందాం.

అసలు లింకుకు ఇంత విలువ ఎక్కడిది? 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న సెర్గీ బ్రిన్, లారీ పేజ్ తమ గూగుల్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ ఒక పత్రం ప్రచురించారు. అందులోని పేజ్‌ర్యాంక్ అనే లెక్కకు మూలం విద్యారంగంలోనే ఉంది. ఒక పరిశోధన పత్రాన్ని ఎంత ఎక్కువమంది ఉదహరిస్తే దానికి అంత గౌరవం. ఉదహరించినవారు పేరున్నవారైతే ఆ గౌరవం ఇంకా ఎక్కువ. ఆ పద్ధతినే వాళ్లు వెబ్ పేజీలకు వర్తింపజేశారు. ఒక పేజీ నుంచి మరో పేజీకి లింకు ఇవ్వడమంటే, ఇది చూడదగినది అని సాక్ష్యం చెప్పడమే. ఎవరూ అడక్కుండా, ఏ లాభమూ ఆశించకుండా చెప్పిన సాక్ష్యం కాబట్టే దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. డబ్బు పుచ్చుకుని చెప్పిన సాక్ష్యానికి ఆ అర్హత పుట్టుకతోనే లేదు.

ఇది నీతి కోసం చెబుతున్న మాట కాదు. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టిన ఉదంతం చూడండి. అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ అంతకుముందు పండుగల సీజన్‌లో గూగుల్‌లో గౌనులని వెతికినా, దుప్పట్లని వెతికినా, తివాచీలని వెతికినా మొదటి స్థానంలో కనిపించింది. పత్రిక కోరితే ఒక నిపుణుడు తవ్వి చూశాడు. అణు ఇంజనీరింగ్ గురించిన సైటు, జూదం సైటు, బల్గేరియాలో ఇళ్లు అమ్మే సైటు, ఇలా చాలావరకు గౌనులతో ఏ సంబంధమూ లేని సైట్లలో, రెండు వేలకు పైగా పేజీల్లో గౌనుల పేరుతో పెన్నీకి లింకులు దొరికాయి. తమకు తెలియకుండా జరిగిందని ఆ సంస్థ చెప్పి, ఈ పని చూస్తున్న కంపెనీని తొలగించింది. గూగుల్ మాత్రం చర్య తీసుకుంది. హాలు ఫర్నిచర్ అని వెతికితే రాత్రి ఏడు గంటలకు మొదటి స్థానంలో ఉన్న పెన్నీ, తొమ్మిది గంటలకల్లా 68వ స్థానానికి జారిపోయింది. రెండు గంటలు! అంత పెద్ద సంస్థ గనుక ఆ దెబ్బ తట్టుకుంది. చిన్న సైటుకు ఆ స్తోమత ఎక్కడుంటుంది?

అదంతా పాత కథ, ఇప్పుడు కూడా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు, పైకి వస్తూనే ఉన్నారు అనేవారున్నారు. కొందరు వస్తున్నారు, నిజమే. అయితే ఆ దారి ఏడాదికేడాది ఇరుకవుతోంది. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ పేరుతో తెచ్చిన మార్పు దొంగ లింకులున్న సైట్లను కిందికి తోసింది. 2016లో అది గూగుల్ ప్రధాన వ్యవస్థలో కలిసిపోయి, అలాంటి లింకులకు విలువ లేకుండా చేయడం మొదలుపెట్టింది. 2022 డిసెంబరు నుంచి స్పామ్‌బ్రెయిన్ అనే కృత్రిమ మేధ వ్యవస్థతో లింకులు కొన్న సైట్లనూ, అమ్మడానికే పుట్టిన సైట్లనూ పట్టుకుంటున్నారు. కాబట్టి శిక్ష పడకపోయినా, ఎక్కువ సందర్భాల్లో మీరు పెట్టిన డబ్బుకు దక్కేది సున్నా. ప్రకటనగా లింకు కొనుక్కోవడం తప్పు కాదు. అది ప్రాయోజితమని కోడ్‌లో గుర్తు పెట్టాలి, అంతే. అలా గుర్తు పెట్టిన లింకు మనుషుల్ని తెస్తుంది, ర్యాంకును తేదు.

మరి చేయవలసింది ఏమిటి? మీకు తెలిసి, ఇంకెక్కడా సరిగా దొరకని విషయాన్ని పూర్తిగా రాయడం. కొండపల్లి బొమ్మల మీద సైటు నడుపుతున్నారనుకోండి. 'మన ఘనమైన కళా వారసత్వం' అని శీర్షిక పెడితే ఆ మాటలు టైపు చేసి వెతికేవాడు ఉండడు. 'తెల్లపొణికి కర్రతో కొండపల్లి బొమ్మ ఎలా చేస్తారు' అని పెట్టండి. కర్రలో తేమ పోయేలా ఎలా కాస్తారు, విడివిడిగా చెక్కిన ముక్కల్ని చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఎలా అతుకుతారు, అంబారీ ఏనుగుకు ఏ భాగం ముందు చెక్కుతారు, ఇవన్నీ దగ్గరి నుంచి తీసిన ఫొటోలతో చూపించండి. ప్రతి ఫొటో కింద అదేమిటో మాటల్లో రాయండి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతికేవాళ్లు చాలామంది ఉంటారు కనుక పేజీ చిరునామాలో ఆ రూపం కూడా ఉండనివ్వండి. ముఖ్యంగా విషయాన్ని పోస్టరులా బొమ్మ చేసి పెట్టకండి. ఒకప్పుడు మన దినపత్రికల వెబ్‌సైట్లు యూనికోడ్‌లో కాక దేని సొంత ఫాంటులో అది నడిచేవి. కంటికి చక్కని తెలుగే, సెర్చ్ ఇంజనుకు మాత్రం అర్థంలేని గుర్తులు. అలా ఎన్ని మంచి వ్యాసాలు వెతికినా దొరకకుండా పోయాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. ఇప్పుడు బొమ్మల్లో ఇరికించిన తెలుగుకు కూడా చాలావరకు అదే గతి.

తెలుగు పేజీకి లింకు ఇచ్చేదెవరు అని మీరు అడగవచ్చు. నా దృష్టిలో తెలుగుకున్న అనుకూలత ఇక్కడే ఉంది. తివాచీల గురించి ఇంగ్లీషులో రాసేవాడు లక్షల పేజీలతో పోటీపడాలి. మక్కు తయారీ గురించి పూర్తిగా రాసిన పేజీలు ఎన్ని ఉంటాయి? ప్రాజెక్టు రాసే డిజైన్ విద్యార్థికీ, ఆదివారం అనుబంధంలో రాసే విలేకరికీ, పిల్లలకు మన బొమ్మల గురించి చెప్పాలనుకునే డాలస్‌లోని తల్లికీ మీ పేజీయే ఆధారం అవుతుంది. వికీపీడియాలో ఎవరైనా మీ పేజీని మూలంగా చూపితే, ఆ లింకు ర్యాంకు కోసం కాదన్న గుర్తుతోనే ఉంటుంది. అయినా అక్కడ చదివి వచ్చినవాళ్లు తమ సైట్లలో మీ గురించి రాస్తారు. అడగడానికి కూడా మొహమాటపడకండి. మీ ఫొటో వాడుకున్నవారికి, దయచేసి ఇది ఎక్కడిదో లింకు ఇవ్వండి అని మర్యాదగా రెండు వాక్యాలు రాయడం న్యాయమైన కోరికే.

ఇక, గూగుల్ తానే ఏఐతో జవాబు చెప్పేస్తుంటే సైటు దాకా వచ్చేదెవరు అనే ప్రశ్న. పైపై సమాచారంతో నడిచే సైట్లకు ఇది నిజంగా గడ్డుకాలం, కాదనలేను. కానీ ఆ జవాబుకైనా ముడిసరుకు ఎవరో ఒకరు చూసి, కనుక్కుని రాసిందే. పనిముట్టు పట్టుకున్న చేతి ఫొటో, కళాకారుడి నోటి మాట కావలసినవాడు అసలు పేజీకి వస్తాడు. ఇలాంటి పనికి ఫలితం కనిపించడానికి సమయం పడుతుంది. నాలుగు నెలల నుంచి ఏడాది వరకూ పట్టవచ్చని 2017లో గూగుల్ తరఫున మాయిలీ ఓయే ఒక వీడియోలో చెప్పారు. ఈలోగా గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ తెరిచి, ఏ మాటలు వెతికినప్పుడు మీ పేజీ కనిపిస్తోందో వారానికోసారి చూడండి. మీరు అనుకోని ప్రశ్న ఒకటి అక్కడ పదేపదే కనిపిస్తే, తర్వాత రాయవలసిన పేజీ అదే.