మంచుమీది మోటారు సైకిలు

మా వడ్లమూడి ప్రాంతమున మంచు అనగా పుష్య మాఘ మాసములలో తెల్లవారుజామున గడ్డివాములను కప్పు తెల్లని తెర మాత్రమే. తెనాలి వైపు పోవు దారి కొంతసేపు కానరాదు. ప్రొద్దెక్కగనే ఆ తెర తొలగిపోవును. నడుములోతున పేరుకొని నెలల తరబడి కరగక నిలుచు మంచును మనలో ఎక్కువమంది చిత్రములలోనే చూచియున్నారు. అట్టి మంచుమీద మోటారు సైకిలు నడుచుట ఎట్లు? అందులోను, పది పదునైదు ఏండ్లు వాడి, చేతులు మారిన పాతబండిని ఆ పనికి సిద్ధము చేయుట ఎట్లు? ఇది డెల్టావాసుల కెందుకని శ్రోతలు అడుగవచ్చును. చక్రము దిగబడుట అనెడి కష్టము మంచుదేశముల వారికి ఎంత తెలియునో మనకును అంతే తెలియును. అందుచేత ఈ విషయము మనకు పరాయిది కాదు.

దమ్ము చేయుచున్న మాగాణిలోనికి మామూలు రబ్బరు చక్రములతో ట్రాక్టరు దిగినచో ఏమగునో రైతు లెరుగుదురు. టైరు గాడులలో నల్లమట్టి మెత్తుకొని చక్రము నున్నబడిపోవును. తిరిగినకొలది క్రిందికి పోవునే గాని ముందుకు పోదు. దానికి విరుగుడుగా మనవారు ఇనుపపట్టీలతో బోనువలె కట్టిన దమ్ముచక్రములను తగిలింతురు. ఆ చక్రములు రెండు పనులు చేయును. వెడల్పు హెచ్చినందున బండి బరువును ఎక్కువ నేలమీద పరచును. అడ్డపట్టీలు మెత్తని నేలను పట్టి వెనుకకు త్రోసి బండిని ముందుకు నడుపును. మునగకుండుట ఒకటి, పట్టు దొరకుట రెండవది. మంచుమీది యంత్రమునకు కావలసినవియు ఈ రెండే.

ఒక చిన్న లెక్క వేసి చూతము. మట్టిదారులకు, గుట్టలకు నిర్మించిన తేలికపాటి మోటారు సైకిలును ఆంగ్లమున డర్టు బైకు అందురు. దాని బరువు 110 కిలోలు, మంచు సామగ్రి వలన హెచ్చు బరువు 40 కిలోలు, దుస్తులతో కూడ మనిషి 80 కిలోలు అనుకొందము. మొత్తము 230 కిలోలు. మామూలు చక్రములు నేలను తాకు చోటు ఒక్కొక్కటి అరచేయి యంత, రెండును కలిసి సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అనగా చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించిన భారము. వెనుక చక్రమునకు మారుగా 28 సెంటీమీటర్ల వెడల్పు గల రబ్బరు పట్టాను, ముందు చక్రమునకు మారుగా ఒక పొడవాటి జారుడుపలకను అమర్చితిమా, నేలను తాకు చోటు సుమారు 4,500 చదరపు సెంటీమీటర్లగును. అప్పుడు భారము చదరపు సెంటీమీటరుకు 50 గ్రాములు మాత్రమే. అదే మనిషి తన రెండు పాదములపై నిలిచినచో ఆ భారము 200 గ్రాముల ప్రాంతమున నుండును. మనిషి తొడలవరకు దిగబడు చోట ఆ మనిషిని మోయుచున్న యంత్రము పైన తేలిపోవుటలోని రహస్య మిదియే.

ఈ పట్టా వేడుక కొరకు పుట్టినది కాదు. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వమే ఆడాల్ఫ్ కెగ్రెస్ అను ఫ్రెంచి యంత్రజ్ఞుడు రష్యా చక్రవర్తి కార్లకు రబ్బరు పట్టాలను, ముందుభాగమున పలకలను అమర్చి మంచులో నడిపించెను. ఆతని పద్ధతితో చేసిన సిట్రోయెన్ కార్లే 1922 డిసెంబరులో బయలుదేరి సహారా ఎడారిని దాటినవి. మంచునకు పనికివచ్చిన ఉపాయము ఇసుకకును పనికివచ్చినదన్నమాట. కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున వాల్‌కోర్ట్ అను పల్లెలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ అను మెకానికు ఉండెను. 1934 శీతకాలమున ఆయన చిన్నబిడ్డకు కడుపులో వ్యాధి ముదిరినది. దారులన్నియు మంచుతో మూసికొనిపోయి ఆసుపత్రికి చేరుట వీలుగాక బిడ్డ మరణించెను. మంచులో నడుచు బండికొరకు అంతకు ముందునుండియే పాటుపడుచున్న ఆ తండ్రి పట్టు విడువక, పండ్లచక్రముతో తిరుగు పట్టాను సాధించి 1937లో పేటెంటు పొందెను. ఏడుగురు కూర్చుండదగిన ఆయన బండ్లు తరువాత వైద్యులను, తపాలాను, బడిపిల్లలను మోసినవి. ఒకరిద్దరు ఎక్కదగిన చిన్నబండి 1959లో వచ్చినది. వానకాలమున రేవు దాటలేక, బురదదారిలో ఎడ్లబండి కదలక, రోగిని మంచముమీద మోసిన కాలమును ఎరిగిన పెద్దలు మన లంకగ్రామములలో ఇప్పటికిని ఉన్నారు. ఆ తండ్రి పట్టుదల వారికి విడమరచి చెప్పనక్కరలేదు.

మోటారు సైకిలునే మంచుబండిగా మార్చు పద్ధతి ఇటీవలి కాలమున బాగుగా వ్యాపించినది. అమెరికాలోని ఐడహో రాష్ట్రమున టింబర్‌స్లెడ్ అను సంస్థ ఈ సామగ్రిని తయారుచేసి పేరుపొందినది. 2015లో పొలారిస్ అను పెద్ద కంపెనీ దానిని కొనెను. సామగ్రిని కొనువారందరును క్రొత్తబండికే దానిని బిగింపరు. బండి మంచుకే అంకితమగునప్పుడు, వాడిన బండి చవుకగా దొరకునప్పుడు, క్రొత్తదానిపై సొమ్ము పోయనేల?

పాతబండిని ఎన్నుకొనుటలోనే సగము పని ఉన్నది. రంగును, టైర్లను చూచి మోసపోరాదు; అవి ఎట్లును ఊడిపోవునవే. ఇంజనును చూడవలెను. లోతుమంచులో పట్టాను త్రిప్పుటకు బలము చాల ఖర్చగును గనుక 450 సి.సి. ఇంజన్లను ఎక్కువమంది కోరుదురు; చిన్న ఇంజను నిరంతరము పూర్తి బలముతో పనిచేసి త్వరలో అరిగిపోవును. కంప్రెషను కొలువవలెను. వాల్వుల సందు సరిచూడవలెను. పాత ఆయిలును వంచి అందులో లోహపు రజను మెరయుచున్నదేమో పరికింపవలెను. అన్నిటికన్న ముఖ్యము ఫ్రేము. వెనుక చక్రమును పట్టియుంచు ఇనుపచేయి ఫ్రేమునకు కలియు చోటనే పట్టా సామగ్రి యంతయు వ్రేలాడును. అక్కడ సన్ననిబీట యున్నను, ఇరుసు అరిగియున్నను ఆ బండిని విడిచిపెట్టుట మేలు.

తరువాత విప్పుట. వెనుక చక్రము, దానిచేయి, షాక్ అబ్సార్బరు తొలగింతురు. చేయి ఉన్నచోట పట్టా చట్రమును ఇరుసుతో బిగించి, షాక్ అబ్సార్బరు పైకొస తగులుచోట ఒక బిగికమ్మిని అమర్తురు. ఇంజను స్ప్రాకెట్టునుండి ఒక చైను నడిమి ఇరుసునకు, అక్కడినుండి మరియొక చైను పట్టాను త్రిప్పు ఇరుసునకు శక్తిని చేర్చును. వెనుక బ్రేకు ఈ సామగ్రిలోని డిస్కుమీద పనిచేయును. ముందు ఫోర్కులకు చక్రము బదులు ఒకే పలకను తగిలింతురు. పలకకు బ్రేకుతో పనిలేదు గనుక ముందుబ్రేకును తీసివేయుదురు. పలక అడుగున నాగటికఱ్ఱువలె నిలువుగా నుండు అంచు మంచును కోసి దారి చూపును. ముందుభాగపు బరువు మారినందున ఫోర్కులలోని స్ప్రింగులను గట్టివి వేయవలసియుండును.

ఇక ఇంజను సంగతి. మన దేశమున రేడియేటరు వేడిని బయటికి పంపుటకు పడరాని పాట్లు పడును. అక్కడ దానిని కప్పియుంచి, థర్మోస్టాటు అమర్చి, వేడిని దాచుకొనవలెను. లేనిచో ఇంజను తగినంత కాగక అరుగును. చలిగాలి చిక్కనిది, దానికి పెట్రోలు ఎక్కువ కావలెను గనుక కార్బురేటరులో పెద్ద జెట్టును వేయుదురు. కాని కొండ ఎక్కినకొలది గాలి పలుచబడును. అప్పుడు చిన్న జెట్టు కావలెను. ఈ రెంటికి నడుమ సరిపాటు కుదుర్చుటయే మెకానికు నేర్పు. తేమగాలి కార్బురేటరులో గడ్డకట్టినచో యాక్సిలరేటరు తెరచినది తెరచినట్లే బిగిసిపోవును, ఇది ప్రాణాపాయము. అందుచేత ఇంజనులోని వేడినీటిని సన్నని గొట్టముతో కార్బురేటరు చుట్టు త్రిప్పుదురు. గాలిని వడకట్టు నురగ ఫిల్టరు పొడిమంచుతో పూడుకొనిపోవును. దానిని తీసి, మంచు నిలువని సన్నని జాలిని వేయుదురు. మంచులో ధూళి లేదు గనుక ఆ జాలి చాలును.

ఇక్కడనే అసలు విషయము ఉన్నది. జాలి ఫిల్టరుతో ఆ బండిని వేసవిలో మట్టిదారి కెక్కించినచో ధూళి లోనికి పోయి పిస్టను రింగులను కొలదికాలములోనే కొరికివేయును. పట్టా లోపల ఆనుకొని జారు ప్లాస్టిక్ పట్టీలు మంచు తేమవలననే చల్లబడును; మంచులేని గట్టిదారిపై పరుగెత్తించినచో కరగిపోవును. మన దమ్ముచక్రముల సంగతియు అట్టిదే. మాగాణిలో వానికి మించినవి లేవు. అవే తారురోడ్డు నెక్కినచో రోడ్డు చాళ్లుచాళ్లుగా చీలిపోవును. అందుచేతనే వానితో రోడ్డుమీద నడుపరాదని అధికారులు పదే పదే హెచ్చరించుచుందురు. రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాని గతియే అన్నినేలలమీద నడిపింపబూనిన యంత్రమునకును పట్టును. పాతబండిని ఒక్కపనికి అంకితము చేయుటలోని వివేక మిది. మార్చుచు మరల బిగించుచు నుండు బాధ తప్పును. ప్రతి మరయు ఆ ఒక్క నేలకు తగినట్లు కుదురుకొనును.

ఈ వివేకము మన దేశములో లేనిది కాదు. గుజరాతులోని అమ్రేలీ జిల్లా మోటా దేవలియా గ్రామస్థుడు మన్‌సుఖ్‌భాయి జగానీ, ఎడ్లు దొరకని కష్టమును చూచి, 1994లో ఒక ఎన్‌ఫీల్డు బుల్లెట్టును వ్యవసాయపు పనిముట్టుగా మార్చెను. వెనుక చక్రమును తీసి, దానిచోట రెండు చక్రముల చట్రమును, దానికి నాగలి, గుంటక, విత్తు గొట్టము వంటివానిని తగిలించెను. సౌరాష్ట్ర రైతులు దానిని బుల్లెట్ సాంతీ అనిరి. మంచుదేశమువాడు చేసినదియు, మెట్టపొలపు రైతు చేసినదియు ఒకే పని. వెనుక చక్రమును విప్పి, నేల అడిగిన పాదమును తొడుగుట. ఒకడు మంచునడిగెను, మరియొకడు మెట్టభూమి నడిగెను.

అయితే హెచ్చరికలు రెండు చెప్పక తప్పదు. మొదటిది చట్టము. మన దేశమున తయారీదారు నిర్ణయించిన రూపమును మార్చిన వాహనమును ఇచ్చవచ్చినట్లు రోడ్డుమీద నడుపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను దీనిని నిషేధించును. 2019లో సుప్రీంకోర్టు ఈ నియమమునే గట్టిగా చెప్పినది. ప్రయోగములు పొలములోనే చేయదగును.

రెండవది ప్రాణము. యంత్రము మునుగనంత మాత్రమున మనిషి మునుగడని కాదు. ఏటవాలు కొండపై పేరుకొన్న మంచు ఒక్కపెట్టున చరియగా జారును. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచుచరియ విరిగిపడి 10 మంది భారత సైనికులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో నాటి కర్నూలు జిల్లా బిడ్డయు ఒకడు. మంచుమీద ఆరితేరినవారు ఒంటరిగా పోరు. పూడిపోయిన మనిషి జాడ తెలుపు రేడియో పరికరము, పొడవాటి గుచ్చుకఱ్ఱ, పార ప్రతివానివద్దను ఉంచుకొందురు. పడిపోయిన తక్షణమే ఇంజను ఆగుటకు ఒక త్రాటిని చేతికి కట్టుకొందురు. ఈ వస్తువులకు పెట్టిన సొమ్మును వ్యర్థమని ఎంచువాడు బండి కట్టనేకూడదు.

మన గ్రామములలో పాత మోటారు సైకిళ్లకు కొదువ లేదు. వానిని విప్పి బిగింపగల యువకులకును కొదువ లేదు. గుంటూరు, తెనాలి షెడ్లలో కనులు మూసికొని కార్బురేటరు సరిచేయగలవారు ఉన్నారు. వారికి మంచు అవసరము లేదు. పసుపు చేలలో కలుపు ఉన్నది, బాపట్ల దిక్కున ఇసుకనేల ఉన్నది, రేపల్లె దిక్కున చవుడు ఉన్నది, అంతటను కూలీల కొరత ఉన్నది. ఒక్కొక్క నేలకు ఒక్కొక్క పాదము కావలెను. దానిని కొలువక ముందే స్పానరు పట్టుట తొందరపాటు. బరువెంత, ఆనుచోటెంత, పట్టు ఎక్కడినుండి వచ్చును, ఏ భాగము ఏ నేలపై చెడును అను నాలుగు ప్రశ్నలకు కాగితముపై జవాబు వ్రాసికొని, ఆ తరువాత విప్పినచో, షెడ్డు మూలను తుప్పుపట్టుచున్న బండి ఒక ఇంటికి అన్నము పెట్టగలదు. మంచుదేశముల వారినుండి మేము నేర్వదగినదని తలచునది వారి బండిని కాదు, వారు నేలను చదివిన తీరును.