గీజర్ మాటిమాటికీ ఆగిపోతోందా? ముందు ఎందుకో కనుక్కోండి

చలి మొదలైందంటే చాలు, మన ఉప్పల్, నాచారం వైపు నుంచి ఒకటే రకం ఫోన్లు. "అన్నా, గీజర్ నిన్న మంచిగనే ఉండె, ఇయ్యాల నీళ్లు వేడైతలేవు" అని. పూర్తిగా పోయిన గీజర్‌తో పెద్ద ఇబ్బంది లేదు, పోయిన పార్టు మార్చేస్తాం. ఒకరోజు పనిచేసి ఒకరోజు మొండికేసే గీజర్‌తోనే అసలు చిక్కు. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. నాచారంలో ఒక పాత ఇల్లు. గీజర్ మధ్యలో ఆగిపోతోందని మెకానిక్‌ను పిలిచారు. ఆయన కింద మూత విప్పి, లోపలున్న చిన్న బటన్ నొక్కాడు, పనిచేసింది. పది రోజులకు మళ్లీ ఆగింది, మళ్లీ నొక్కాడు. మూడోసారి, "ఇంక ఆగదు, డైరెక్ట్ చేసిన" అని చెప్పి పోయాడు. నిజంగానే ఆగలేదు. కొన్నాళ్లకు ఆ ఇంటి పెద్దావిడ స్నానానికి వెళ్లి నల్లా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

ఆ బటన్ ఏంటంటే, థర్మల్ కటౌట్. గీజర్‌లో థర్మోస్టాట్ రోజూ పనిచేసేది. నీళ్లు వేడెక్కగానే కరెంట్ ఆపుతుంది, చల్లారితే మళ్లీ ఇస్తుంది. అది దెబ్బతిన్నా, లోపల వేడి హద్దు దాటినా ఆపడానికి కటౌట్ పెడతారు. అది పడిపోతోందంటే కటౌట్ పాడైందని ముందే అనుకోకండి. లోపల ఏదో అతిగా వేడెక్కుతోందని అది మనకు చెప్తోంది. దాన్ని డైరెక్ట్ చేయడమంటే చెప్పేవాడి నోరు మూయడమే.

సరే, మన ఇంట్లో ఎలా కనుక్కోవాలి? మూత విప్పక్కర్లేదండీ. బయటినుంచే చాలా తెలుస్తుంది.

మొదటిది, లైటు ఒకసారి వెలుగుతోంది, ఒకసారి వెలగట్లేదు. అప్పుడు గీజర్ కంటే ముందు ప్లగ్గు చూడండి. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. చిన్న సాకెట్‌లో, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టకూడదు. ఎంసీబీ ఆపి ప్లగ్గు తీసి చూడండి. పిన్నులు నల్లబడినా, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా లూజ్ కాంటాక్ట్ ఉన్నట్టే. ప్లగ్గు, సాకెట్ రెండూ మార్చించండి. ఒక్కటే మారిస్తే కొత్తది కూడా కాలుతుంది.

రెండోది, లైటు వెలుగుతోంది కానీ నీళ్లు గోరువెచ్చగానే వస్తున్నాయి. వోల్టేజ్ చూపించండి. 25 లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావాలంటే 2000 వాట్ల గీజర్‌కు సుమారు 35 నిమిషాలు పడుతుంది. అది 230 వోల్టుల దగ్గర లెక్క. పొద్దున అందరూ ఒకేసారి గీజర్లు వేసినప్పుడు వోల్టేజ్ 190కి పడిపోయిందనుకోండి, అదే గీజర్ 1365 వాట్లే ఇస్తుంది. టైమ్ 50 నిమిషాలు దాటుతుంది. మీ ఒక్క ఇంట్లోనే తక్కువుంటే వైరింగ్ చూపించండి. వీధంతా తక్కువుంటే 1912కు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించండి. గీజర్ మార్చి లాభం లేదు.

మూడోది, మన దగ్గర ఎక్కువగా కనిపించేది, బోరు నీళ్లు. అపార్ట్‌మెంట్ సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు కలిసిపోతాయి కదా. మీ బకెట్‌కు, నల్లా మూతికి తెల్లగా పట్టేస్తోందా? గీజర్ లోపల కూడా అదే పడుతోంది, ఇంకా ఎక్కువగా. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే నీళ్లు లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. ఎలిమెంట్ మీద ఆ పొర మందంగా కడితే వేడి నీళ్లలోకి పోదు, ఎలిమెంట్‌లోనే ఉండిపోతుంది. గీజర్ నుంచి టకటకమని, గరగరమని చప్పుడు వస్తుంది. కటౌట్ పడుతుంది. చివరికి ఎలిమెంట్ పగిలి, కరెంట్ నీళ్లలోకి లీకవుతుంది.

నాలుగోది, గీజర్ వేయగానే ఇల్లంతా కరెంట్ పోతోంది. ఆర్‌సీసీబీ పడుతోందన్నమాట. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనుషుల్ని కాపాడుతుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోతుంది. గీజర్ వేసినప్పుడే పడుతోందంటే గీజర్‌నే అనుమానించండి. "అది ఊరికే పడుతోంది, తీసేద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు నాచారం ఇంటికి వద్దాం. ఎలిమెంట్ తీస్తే సున్నం పెచ్చులు కట్టి, ఒకచోట పగిలి ఉంది. ఆ ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది కానీ వెనక ఎర్త్ వైరే లేదు. కటౌట్ మొదటిసారి పడినప్పుడే ఎలిమెంట్ తీసి కడిగి ఉంటే అంతవరకు వచ్చేది కాదు. ఎలిమెంట్, థర్మోస్టాట్, కటౌట్ కొత్తవి వేసి, ఎర్తింగ్ లాగి, ఆర్‌సీసీబీ పెట్టాకే గీజర్ వేయనిచ్చాను.

మీరు చేయాల్సింది ఇంతే. బోరు నీళ్లయితే ఏడాదికోసారి, చలికాలానికి ముందే సర్వీస్ చేయించండి. సున్నం తీయించండి, మెగ్నీషియం రాడ్ అరిగిపోయిందేమో చూపించండి. టెంపరేచర్ 50, 55 దగ్గర పెట్టుకుంటే సున్నం తక్కువ పడుతుంది, బిల్లూ తగ్గుతుంది. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూసుకోండి. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కండి, పడిపోతేనే అది పనిచేస్తున్నట్టు. స్నానానికి వెళ్లే ముందు గీజర్ ఆపేయండి. నల్లా దగ్గర చెయ్యి కొంచెం జివ్వుమన్నా ఎంసీబీ ఆపేయండి. చూపించేదాకా ఆ బాత్రూమ్‌లో స్నానం చేయకండి.

మెకానిక్ వచ్చినప్పుడు "మళ్లీ పనిచేస్తదా?" అని కాదు, "ఎందుకు ఆగింది?" అని అడగండి. దానికి జవాబు చెప్పాకే డబ్బులివ్వండి.

ఉంటానండీ, మళ్లీ కలుద్దాం.