కఱవుసీమలో పూలతోట పోటీ



ఉరవకొండ ప్రాంతమున పూలతోటల పోటీని గూర్చి ప్రసంగింప బూనినచో, “అయ్యవారూ, త్రాగుటకే నీరు చాలదు, పూలకెక్కడిది?” అని పెద్దలు ప్రశ్నింపక మానరు. ఆ ప్రశ్న న్యాయమైనది. మన అనంతపురము సీమలో సంవత్సరమునకు సగటున గురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి మేఘములు పడమటి కనుమలకడనే తమ భారమును దించుకొనును; ఈశాన్య మేఘములు తూర్పుతీరమును దాటి మనకడకు వచ్చుసరికి చిక్కిపోవును. కావున ముందుగా నీటి లెక్క చెప్పి, పిదప తోటమాట యెత్తెదను.

పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు గల మడికి దినమునకు 5 మిల్లీమీటర్ల చొప్పున తడి నిచ్చినచో సుమారు 46 లీటర్ల నీరు కావలెను. నలుగురున్న యింట తలకు 15 లీటర్ల చొప్పున స్నానము చేసినను 60 లీటర్లు జలదారి పాలగును. వీధిలో మురిసి దోమలను పెంచు ఆ నీరే ఒక మడిని పోషింపగలదు. అయితే సబ్బునీటినే నిత్యము పోయరాదు. నడుమనడుమ బియ్యము కడిగిన నీరో, కూరలు కడిగిన నీరో పోయవలెను. ఆకులపై గాక మొదట పోయవలెను. పాదులయందు వేరుసెనగ పొట్టునో, ఎండుటాకులనో పఱచినచో తడి త్వరగా ఆఱిపోదు. నేను బడిలో నున్న కాలమున పిల్లలు చేతులు కడుగుకొనిన నీటితోనే తోట పెంచితిమి. త్రాగునీటి కడవను ముట్టరాదనుట మా మొదటి నియమము.

ఇట్టి పోటీలు మనకు క్రొత్తవి కావు. హైదరాలీ 1760లో ఆరంభించిన బెంగళూరు లాల్‌బాగులో, 1889లో శంకుస్థాపన జరిగిన గాజుటింట, నేటికిని జనవరి, ఆగస్టు మాసములలో పుష్పప్రదర్శనములు జరుగుచున్నవి. అందులకు తోడ్పడు మైసూరు ఉద్యానసంఘము 1912లో ఏర్పడినది. లండను నగరమున చెల్సీ ప్రదర్శనము 1913లో మొదలైనది. అచ్చటి ప్రదర్శనోద్యానములు పెక్కులు కొలదిదినములకై నిర్మింపబడి, పిదప విప్పివేయబడును. మన కట్టి తోట తగదు. బహుమతి యిచ్చిన మఱునాడును బ్రదికియుండు తోటయే మనకు తోట.

ఇక సన్నాహము. పోటీతోటకు తిథినిర్ణయము ప్రధానము. ప్రదర్శనదినము నుండి వెనుకకు లెక్కింపవలెను. జనవరి 26వ తేదీ యనుకొందము. చేమంతి పిలకలను జూన్, జూలై మాసములలోనే నాటి, నాలుగు వారములకు ఒకసారి, మఱి నాలుగు వారములకు ఒకసారి కొసలు త్రుంచవలెను. అప్పుడు కొమ్మలు గుబురుగా వచ్చును. చేమంతి రాత్రులు దీర్ఘములైనపుడే మొగ్గ తొడుగును. రాత్రి యంతయు వీధిదీపపు వెలుగు పడుచోట నాటినచో దానికి చీకటి చాలక పూత ఆలస్యమగును. బంతి విత్తులను అక్టోబరు రెండవ వారమున నారు పోసి, నెలలోపల నాటి, పెరిగిన పిదప కొస త్రుంచినచో జనవరి నడుమ విరియ నారంభించును. మల్లెను ఈ పోటీకి నమ్ముకొనరాదు. అది వేసవి పూవు. గట్టు వెంబడి గన్నేరు, బిళ్ళగన్నేరు నాటుడు. అవి ఎండ కోర్చును, పశువులును వాటిని మేయవు. గన్నేరు విషపు చెట్టు గనుక పసిపిల్లలకు అందనిచోట నుంచవలెను.

విష్ణుచిత్తుడు శ్రీవిల్లిపుత్తూరులో తోట పెంచి మాలలు గట్టి స్వామి కర్పించిన కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో కావ్యము గావించెను. ఆ తోటకు పరీక్షకుడు లేడు, బహుమతి లేదు. నిత్యసేవయే దాని ఫలము. మన తోటయు ఇంటి దేవునికి, ఆడపడుచు జడకు నాలుగు పూలీయగలిగిన చాలును.

పెద్దలకు నా విన్నపమిది. గ్రామమున ఇట్టి పోటీ నొకదానిని నడపుడు. నూఱు మార్కులలో నలువది నీటి పొదుపునకు, ముప్పది మొక్కల ఆరోగ్యమునకు, ఇరువది అమరికకు, పది శుభ్రతకు ఉంచుడు. పరీక్షకులు పూలను జూచుటకు ముందు నీరెక్కడనుండి వచ్చుచున్నదో చూడవలెను. మంచినీరు పోసి పెంచిన తోట ఎంత సొగసైనదైనను దానికి మొదటి బహుమతి రాకూడదు. అట్లయినచో బీదయింటి దొడ్డియు, ధనికుని తోటయు సమముగా పోటీపడును. జలదారి నీటికి విలువ గలదని పిల్లలు కన్నులార చూతురు. కఱవు మన చేతిలోని పని కాదు. చేతికి వచ్చిన నీటిని రెండుమాఱులు వాడుకొనుట మన చేతిలోని పనియే.