నమూనాను నమూనాగానే చూడాలి



కొత్త రవిక కుట్టేటప్పుడు మంచి గుడ్డను తిన్నగా కత్తెరకు అప్పగించం. ముందు కాగితం మీద కొలత గీసి, కత్తిరించి, మెడ లోతు సరిపోయిందో లేదో చూసుకుంటాం. కాగితం పోతే మరో కాగితం. గుడ్డ పోతే మళ్ళీ రాదు. వెబ్‌సైట్లు తయారుచేసేవారి పద్ధతీ ఇదే. పేజీలో ఏదైనా మార్చాలనుకుంటే, మార్చాక ఎలా కనబడుతుందో ముందే ఒక బొమ్మ చేస్తారు. దాన్ని ‘మాకప్’ అంటారు. మనం నమూనా అందాం.

ఇదంతా ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అంటారేమో! మా వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైంది. ఈ చదువు ఇప్పుడు మనకు దూరపు మాట కాదు. పైగా కరెంటు బిల్లు మొదలు రైలు టిక్కెట్టు దాకా ఫోనులోనే చూసుకుంటున్నాం. వాడేది మనమైనప్పుడు, బాగోగులు చెప్పవలసిందీ మనమే కదా!

వేంపల్లెలో ఒక గృహిణి ఇంటి దగ్గరే చీరలు అమ్ముతోందనుకోండి. ఇంగ్లీషులో ఉన్న తన పేజీని తెలుగులోకి మార్పించాలనుకుంది. నమూనా ఎలా ఉండాలి?

మొదటిది, అందులో అసలు మాటలే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన గడిలో తెలుగు ఇమడకపోవచ్చు. ‘వేంపల్లె’ అన్న మాటే తీసుకోండి. పైన ఏత్వం, ఎత్వం; కింద ల వత్తు. వరుసల మధ్య చోటు చాలకపోతే వత్తు తెగిపోతుంది. అందుకని పొడుగాటి పేరు, పూర్తి చిరునామా వేసి చూడాలి.

రెండవది, నమూనాను చిన్న ఫోనులోనే చూడాలి. అత్తగారి చేతికిచ్చి, “చీర కావాలంటే ఎక్కడ నొక్కుతారు?” అని అడిగి ఊరుకోవాలి. మనం వేలు పెట్టి చూపిస్తే పరీక్ష చెడిపోతుంది. ఆవిడ తడుముకున్న చోటే దిద్దవలసిన చోటు.

మూడవది, అన్నీ సవ్యంగా జరిగినప్పటి బొమ్మ ఒక్కటే చాలదు. సరుకు అయిపోతే, డబ్బు మధ్యలో ఆగిపోతే పేజీ ఏం చెబుతుందో అదీ గీయించాలి. మనకు కంగారు పుట్టేది అప్పుడే కదా!

చేయడం కష్టమేమీ కాదు. పెన్సిలు, కాగితం చాలు. అచ్చం అసలులా కావాలంటే ఫిగ్మా వంటి సాధనాలున్నాయి. ఇంకో దారి ఉంది. కంప్యూటరులో క్రోమ్‌లో పేజీ తెరిచి ఎఫ్12 మీట నొక్కితే, లోపలి రాత బయటపడుతుంది. అక్కడ మాటలు, అంకెలు మార్చవచ్చు. ఆ మార్పు ఆ ఒక్క తెర మీదే. అసలు వెబ్‌సైటుకు ఏమీ కాదు. పేజీని మళ్ళీ తెరిస్తే పాత రాతే వస్తుంది.

ఇక్కడే జాగ్రత్త వహించాలి. అంకె మార్చడం ఇంత తేలికైతే, “డబ్బు పంపానమ్మా, ఇదిగో చూడండి” అని ఎవరైనా చూపే స్క్రీన్‌షాట్ విలువెంత? అది బొమ్మ మాత్రమే, రుజువు కాదు. మీ ఖాతా మీరే తెరిచి, డబ్బు జమ అయిందని చూసుకున్నాకే సరుకివ్వండి. తొందరపెట్టేవారి దగ్గర మరీ నిదానించండి. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయండి.

నమూనా చేసేవారికీ ఒక మాట. ఎంత అచ్చంగా చేస్తే అంత మంచిదే. కాని దాని మీద ‘నమూనా’ అని పెద్ద అక్షరాలతో రాయండి. ఇరుగుపొరుగువారి అసలు ఫోను నంబర్లు, ఖాతా అంకెలు అందులో వేయకండి. మీ పిల్లలు ఈ పని నేర్చుకుంటుంటే, ఈ రెండు అలవాట్లూ మొదటి రోజు నుంచే చేయించండి.

సెలవు.

(మహిళల కార్యక్రమంలోని రేడియో ప్రసంగం)