విశ్వవిద్యాలయముల లేమి: మన కర్తవ్యము

(సంఘ వార్షిక మహాసభయందు గావింపబడిన యుపన్యాసము)



ఈ సభ నేడు విద్యానిధినిగూర్చి తీర్మానము చేయనున్నది. ఆ నిధివలన నేది సాధ్యమో, యేది యసాధ్యమో ముందుగా నెఱుంగుట యుక్తమని తలంచి, మన విశ్వవిద్యాలయముల ధనస్థితినిగూర్చి కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

పూర్వము విద్యాస్థానములకు ప్రభువులు గ్రామములనే దానము చేసిరి. 1261 నాటి మల్కాపుర శాసనమును జూడుడు. గణపతిదేవుడును, రుద్రమదేవియు నొసగిన గ్రామముల యాదాయమునుండి అధ్యాపకులకును, వైద్యునకును, ప్రసూతిశాలకును, అన్నసత్రమునకును వేర్వేఱుగ నేర్పాటులు జరిగెను. అందలి మర్మ మొక్కటే: గురువు ఏటేట చేయి చాపవలసిన పనిలేదు.

ఆ కాకతీయుల పేర 1976లో ఓరుగల్లున వెలసిన విశ్వవిద్యాలయమునకు అట్టి స్థిరమైన యాదాయము లేదు. ప్రభుత్వము ఏటేట నిచ్చు బ్లాకు గ్రాంటే దానికి ముఖ్యాధారము. అందు సింహభాగము జీతములకును, పింఛనులకును వ్యయమగును. ఉస్మానియా స్థితియు నిట్టిదే. గ్రాంటు చాలనపుడు విశ్వవిద్యాలయములు మూడుపాయముల నవలంబించుచున్నవి.

మొదటిది, ఉద్యోగములను ఖాళీగా నుంచుట. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట శాశ్వతాధ్యాపకుల నియామకములు దీర్ఘకాలము స్తంభించెను. 2022లో శాసనసభ ఉమ్మడి నియామకమండలి బిల్లును ఆమోదించినను, గవర్నరు సమ్మతి లభింపక నది నిలిచిపోయెను. విశ్రాంతి గైకొన్న యాచార్యుని స్థానమున కాంట్రాక్టు అధ్యాపకుడో, పార్టుటైము అధ్యాపకుడో పాఠము చెప్పుచున్నాడు. రేపటి జీవనమునకు నిశ్చయము లేనివాడు పదేండ్ల పరిశోధన కెట్లు పూనుకొనును?

రెండవది, సెల్ఫు ఫైనాన్సు కోర్సులు. వీనికగు వ్యయము విద్యార్థుల రుసుమునుండియే రావలయును. మూడవది, పరీక్షా రుసుములు, అనుబంధ కళాశాలల రుసుములు మొదలగువాని యాదాయము. ఇవి యన్నియు సంస్థను బ్రతికించు నుపాయములే. కాని వీని భారము తుదకెవరిపై బడుచున్నదో విచారింపుడు.

చర్లనుండియో, దుమ్ముగూడెమునుండియో వచ్చు బాలికను తలంపుడు. భద్రాచలమున డిగ్రీ ముగించి, 100 కిలోమీటర్లకు పైబడిన ఖమ్మమునకో, అంతకు దూరమగు ఓరుగల్లునకో పోవలయును. 2008లో మొదలైన ఫీజు రీయింబర్సుమెంటు పథకము ఆమెవంటివారికి గొప్ప యుపకారము. కాని ఆ ధనము బాకీపడినప్పుడు కళాశాలకు జరుగుబాటు లేదు. విద్యార్థికి ధ్రువపత్రము చేతికి రాదు. ధనవంతుని కుమారుడు పట్టణమున మఱియొక కళాశాలను వెదకికొనును. అడవియంచున నున్న కుటుంబము చదువు మాన్పించును. గ్రాంటులోని కోత అంకెగా హైదరాబాదున పుట్టి, మన యేజెన్సీలో చదువు మానిన పిల్లగా పరిణమించుచున్నది.

క్రొత్త విద్యాలయములు వచ్చుచున్నవిగదా యని కొందఱందురు. సంతోషమే. కొత్తగూడెము గనుల కళాశాల తొలుత ఉస్మానియాకును, పిదప కాకతీయకును చెందియుండి, 2025లో డాక్టరు మన్మోహన్ సింగ్ పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయ మయ్యెను. ములుగున గిరిజన విశ్వవిద్యాలయము 2014 నాటి విభజన చట్టమున వాగ్దానము చేయబడి, 2023 డిసెంబరున చట్టమై, 889.07 కోట్ల రూపాయల యంచనాతో నారంభమయ్యెను. వాగ్దానమునకును చట్టమునకును నడుమ తొమ్మిదేండ్లు గడచెను. క్రొత్తదానికి పునాదిరాయి వేయుటకంటె పాతదానికి ఏటేట అన్నము పెట్టుట కష్టము. శిలాఫలకము పాఠము చెప్పజాలదు.

ఇక మన సంఘము మాట. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను; ఆ యేడే హైదరాబాదున రెడ్డి వసతిగృహమును వెలసెను. ప్రభుత్వము విద్యాలయమును బెట్టెను. సంఘము విద్యార్థికి నీడ నిచ్చెను. నాటినుండి ఎన్నో కులములు ఈ మార్గమున నడచినవి. ఇది స్తుత్యమే. కాని యొక కులము వసతిగృహమును నడపగలదు. రసాయన ప్రయోగశాలను నడపజాలదు. ఒక దాత పది మందికి వేతనము లీయగలడు. గ్రంథాలయమును, ఆచార్యులను, పరిశోధనను తరతరములు పోషింపజాలడు. ఆ పని ప్రజాధనమునకే తగినది. మన పిల్లలకు రుసుము చెల్లించి మనము తృప్తి నొందుదుమేని, ఆ పిల్లలు కూర్చుండు తరగతిలో గురువు లేకున్న నేమి లాభము?

కావున మూడు విషయములను సభవారు చిత్తగింప బ్రార్థించుచున్నాము. విద్యానిధితోపాటు, ఖాళీలను పూరింపుడనియు, గ్రాంటును జీతములకు చాలునంతగానైన నిండుడనియు ప్రభుత్వమునకు విన్నపము పంపవలయును. ఆ విన్నపమును మన కులము పేర మాత్రమే గాక, ఈ ప్రాంతపు ఇతర సంఘములతో, గిరిజన సంఘములతో గలసి పంపవలయును. మనము కట్టదలచిన వసతిగృహమున కొన్ని స్థానములను అడవి గ్రామముల బాలికలకు, ఏ కులమువారైనను, కేటాయింపవలయును.

ఈ మూడవ మాట కొందఱికి రుచింపకపోవచ్చును. ఐనను చెప్పక తప్పదు. ఊరి చెఱువు ఎండినప్పుడు ఎవరి పొలమునకు వారు కాలువ త్రవ్వుకొనిన నీరు రాదు. అందఱును గట్టుమీదికి రావలయును. విశ్వవిద్యాలయ మట్టి చెఱువు.