కొలిమి ముందర తీరిక వేళ

ఏలూరు మొదలు కొల్లేటి లంకల వరకు కత్తిపీట లేని వంటయిల్లు అరుదు. కొరమీను కోయుటకును, గుమ్మడికాయ తరుగుటకును అదియే ఆధారము. దినమునకు పదిమార్లు దానిని ముట్టుదుము గాని, అది ఎట్లు పుట్టినదో ఆలోచింపము. మేమును అట్టివారమే. ఆదివారపు తీరికలో ఒక చాకును స్వయముగా చేయవలెనని బుద్ధి పుట్టిన పిదప గాని మాకు కనువిప్పు కలుగలేదు.

తాడేపల్లిగూడెమున పాత ఇనుము అమ్ము అంగడిలో లారీ కమాను పట్టీ ముక్క యొకటి కొంటిమి. బరువునకు వంగి మరల నిలుచు ఉక్కు అది. అందు నూటికి అరపాలుకు కొంచెము మించి కర్బనముండును. ఆ కర్బనము లేని మెత్తని ఇనుమును ఎంత కాల్చి ముంచినను గట్టిపడదు. దానితో చేసిన కత్తి వంకాయకు కూడ లొంగిపోవును.

ఊరి కమ్మరి తాత తన కొలిమిలో చోటిచ్చెను. సమ్మెటతో సాగగొట్టి, రెండు ఆదివారములు ఆకురాయితో రుద్ది, ఎర్రగా కాల్చి నీట ముంచితిమి. అంచు మీద ఆకురాయి జారిపోయెను. గట్టిపడినదని పొంగిపోయి, తాత పిలుచుచున్నను వినక ఇంటికి పరుగెత్తితిమి. వంటయింటి బండపై చేయి జారి పడినంతనే చాకు గాజుముక్కవలె రెండుగా విరిగెను.

ముక్కలు చూచి తాత నవ్వలేదు. "ముంచితే గట్టితనం వస్తుంది బాబుగారూ, మళ్లీ వెచ్చచేస్తేనే ఓర్పు వస్తుంది" అనెను.

రెండవమారు ఆయన చెప్పినట్లు చేసితిమి. ఎండలో నిప్పు రంగు మోసగించునని తాత గుమ్మమునకు గోనె వ్రేలాడదీసెను. సుమారు 770 డిగ్రీలు దాటిన ఉక్కును అయస్కాంతము పట్టదని చదివియుంటిమి. పరీక్షింపబోగా, అంతకు ముందే ఆయన కన్ను ఆ సంగతి చెప్పెను. మరికొంత కాక చూపి, ఈ ఉక్కునకు నీరు మిక్కిలి కటువని ఈసారి నూనెలో ముంచితిమి. పిదప మెరయునట్లు రుద్ది, సన్నని సెగపై మెల్లగా వెచ్చచేయగా ఎండుగడ్డి రంగు తేలెను. అది 220 డిగ్రీల ప్రాంతపు గుర్తు. అచ్చటనే ఆపవలెను. తుమ్మకర్ర పిడి వేసిన ఆ చాకు నేటికిని మా యింట మీను కోయుచున్నది.

ఈ కంటి విద్య మన నేలకు క్రొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చుచుండిరని హెన్రీ వాయిసీ వ్రాసిన వృత్తాంతము 1832 లో అచ్చయినది. కమ్మరి కుమారుడైన మైకేలు ఫారడే 1819 లో ఈ దేశపు ఉక్కును పరీక్షించి ప్రకటించెను. పరీక్షలు గ్రంథములలో మిగిలినవి. కోనసముద్రపు మూసలు మాత్రము చల్లారినవి.

మా తాత కొలిమికిని ఆ దశ సమీపించినది. ఒకప్పుడు కోతలకు ముందు కొడవళ్లు పట్టుకొని రైతులు ఆయన వాకిట బారులు తీరెడివారు. నేడు వరి కోయునది యంత్రము. ఆయన కుమారులు వేరు పనులలో కుదిరిరి. మా వంటి వేడుకకాండ్రు ఒక చాకు చేసినంత మాత్రమున ఆ విద్య నిలువదు. కాని నేర్పినవానికి కూలి ముట్టజెప్పి, నిప్పు రంగును చూచుట ఒకరిద్దరైనను నేర్చినచో ఆ కన్ను పూర్తిగా మూతపడదు.

మీ యూర కొలిమి యింకను రగులుచున్నచో, మొద్దుబారిన కత్తిపీటను తీసికొని ఒకమారు వెళ్లుడు. పని ముగిసినంతనే తిరిగి రాకుడు. తాత పిలిచినచో ఆగుడు.