ఓపీ చీటీ మీద వృత్తి రాయించుకుందాం

(బస్తీ మస్జిద్ ఆవరణలో జరిగిన ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాద్‌లో ఇంటింటికీ వచ్చే చెత్త ఆటోల మీద, జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పరిసరాల్లో, పాత సామాన్ల గోదాముల్లో పనిచేసేవారిలో దళిత సోదరులతో పాటు మన సముదాయపు పేదలూ ఉన్నారు. బాలాపూర్ ప్రాంతంలో తలదాచుకున్న రోహింగ్యా శరణార్థుల్లో కూడా ఎందరో చెత్త ఏరుకొని బతుకుతున్నారు. వీరందరి ఊపిరితిత్తుల గురించి నేడు మాట్లాడదలచాం.

తడి చెత్త కుళ్లేటప్పుడు అందులో బూజు, బాక్టీరియా విపరీతంగా పెరుగుతాయి. సంచి విప్పినప్పుడు, బండి నుంచి కుమ్మరించినప్పుడు అవి దుమ్ముతో కలిసి గాలిలోకి లేస్తాయి. ఆస్పర్‌జిల్లస్ వంటి బూజు బీజకణాలు, కొన్ని బాక్టీరియా నుంచి వెలువడే ఎండోటాక్సిన్ అనే పదార్థం శ్వాసనాళాలను వాచేలా చేస్తాయి. ప్లాస్టిక్, తీగలు కాల్చిన పొగలోని 2.5 మైక్రాన్ల కంటే చిన్న కణాలు ఊపిరితిత్తుల లోతట్టు గాలిగదుల వరకు చేరతాయి. మానని దగ్గు, ఆస్తమా, ఊపిరితిత్తుల శక్తిని క్రమంగా హరించే సీఓపీడీ వీటి ఫలితాలు. ఇరుకు గదులు, పోషకాహార లోపం తోడైతే క్షయ ముప్పు పెరుగుతుంది.

ఇన్ని కారణాలున్నా ఆసుపత్రి చీటీలో తరచుగా కనిపించేది దగ్గు, ఆయాసం అన్న రెండు మాటలే. రోగి చేసే పని ఏమిటో అందులో ఉండదు. బీడీ వల్లనో, వయసు వల్లనో వచ్చిందని ఇంట్లోవారు సరిపెట్టుకుంటారు. దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. కాగితం మీదికి ఎక్కని కష్టాన్ని కార్యాలయం లెక్కలోకి తీసుకోదు.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు కార్మికులకు మాస్కులు, చేతి తొడుగులు, బూట్లు అందేలా చూసే బాధ్యతను స్థానిక సంస్థలపై ఉంచాయి. కేంద్రం 2024లో చెత్త ఏరుకునేవారిని ‘నమస్తే’ పథకంలో చేర్చి, రక్షణ పరికరాలు, ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య రక్షణ అందిస్తామన్నది. అయితే వీటిని పొందాలంటే పేరు నమోదు కావాలి. తరతరాలుగా పారిశుద్ధ్య పనిలో ఉన్న ముస్లిం మెహతర్లకు ఇది మరింత ముఖ్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. ముస్లింలకు నేటికీ లేదు. ఎస్సీ ధ్రువపత్రం అడిగే పథకాలు అందని వారికి వృత్తిని చూపే పత్రమే ఆధారం.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక సామాన్య స్త్రీ మరణించినప్పుడు, అది చిన్న విషయమనుకొని సహచరులు దైవప్రవక్త ముహమ్మద్ (స)కు తెలియజేయలేదు. ఆయన ఆమె కనబడలేదని స్వయంగా అడిగి, తనకెందుకు చెప్పలేదని ప్రశ్నించి, ఆమె సమాధి వద్దకు వెళ్లి జనాజా నమాజు చేశారు. ఊడ్చేవారు కనబడకపోతే అడగడం మనకు సున్నత్ నేర్పిన మర్యాద.

కనుక కార్మిక కుటుంబాలకు మా విన్నపాలు ఇవి. ఆసుపత్రికి వెళ్లినప్పుడు చేసే పని, ఎన్నేళ్లుగా చేస్తున్నదీ చెప్పి చీటీ మీద రాయించండి. సెలవు రోజున ఆయాసం తగ్గుతుందా అన్నది కూడా వైద్యునికి చెప్పండి. వృత్తికీ వ్యాధికీ ఉన్న సంబంధం తెలుసుకోవడానికి అది ముఖ్యమైన సూచన. ఊపిరితిత్తుల పనితీరు తేల్చే స్పైరోమెట్రీ పరీక్ష గురించి అడగండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ కేంద్రంలో తెమడ పరీక్ష చేయించండి. క్షయకు మందులు ఉచితం. పోషకాహారానికి ఇచ్చే మొత్తం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. జీతంలో ఈఎస్ఐ కోత ఉన్నవారు కార్డు అడిగి తీసుకోండి. ముక్కుకు కట్టిన రుమాలు సన్నని కణాలను ఆపదు. ముఖానికి బిగువుగా అమరే ఎన్95 మాస్కు కావాలి.

తక్కినవారం తడి, పొడి చెత్త వేరుచేసి ఇద్దాం, వీధిలో చెత్త తగలబెట్టడం మానుదాం. మస్జిద్ కమిటీలు ఈ నెలలోనే తమ బస్తీలోని చెత్త కార్మికుల పేర్లు, వారు ఏ పనిలో ఎన్నేళ్లుగా ఉన్నారో రాసి మున్సిపల్ కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. మతం చూడకుండా అందరి పేర్లూ రాయాలి. దరఖాస్తు రాయడం రానివారికి రాసిపెట్టడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

అల్లాహ్ మన శ్రామికులకు ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.